ఊపిరి వదులుతూ బరువెత్తండి

పొద్దున లేవగానే ఏమీ తెలియదు. మధ్యాహ్నం సంగటి తిని మళ్లీ పనిలో పడ్డాక మొదలవుతుంది. కింద ఏదో లాగుతున్నట్టు, కూర్చుంటే చిన్న ఉండ మీద కూర్చున్నట్టు ఉంటుంది. పొద్దు గూకే వేళకు యోని దగ్గర ఏదో జారి చేతికి తగులుతుంది. రాత్రి పడుకుంటే దానంతటదే లోపలికి పోతుంది కాబట్టి మరుసటి రోజు దాని ఊసే ఉండదు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల చుట్టుపక్కల ఊళ్లలో ఈ సంగతి ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకోవడం కూడా మగవాళ్లు లేనప్పుడే. "నిలబడితే కింద బరువొస్తాండాది కా" అని గొంతు తగ్గించి ఒకామె అంటుంది. "నాకూ అంతే, వయసైతే అందరికీ ఉండేదే" అని ఇంకొకామె తేల్చేస్తుంది. మాట అక్కడికి ఆగిపోతుంది.

అందరికీ ఉండేదన్నది కొంతవరకు నిజమే, చాలామందికి ఉంటుంది. భరించక తప్పదన్నది మాత్రం నిజం కాదు. హిందూపురం గార్మెంట్స్‌కు పొద్దున్నే బస్సెక్కేవాళ్లు, పట్టుపురుగుల షెడ్డుకు ఆకు మోసేవాళ్లు, ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చునేవాళ్లు, కరువు పనిలో మట్టి తట్టలు ఎత్తేవాళ్లు, వీళ్ల కోసమే ఈ వ్యాసం. పని మానేయమని చెప్పడం తేలిక. మానేస్తే ఇల్లు గడవదని తెలిసినవాళ్లకు పనికొచ్చే మాటలు వేరే ఉండాలి: ఊపిరి, కొంచెం యోగా, బరువెత్తే తీరు.

వైద్యులు కటి అవయవాలు జారడం అంటారు, మనం గర్భసంచి జారడం అంటాం. నిజానికి జారేది ప్రతిసారీ గర్భసంచే కాదు. ముందువైపు మూత్రాశయం యోనిలోకి దిగవచ్చు, అప్పుడు మూత్రం పూర్తిగా పోయినట్టు అనిపించదు. వెనకవైపు పెద్దపేగు చివరి భాగం దిగితే విరేచనానికి ముక్కాల్సి వస్తుంది. గర్భసంచి తీయించేసుకున్నవాళ్లకు యోని పైభాగమే కిందికి రావచ్చు. ఒక్కొక్కరికి రెండు మూడూ కలిసి ఉంటాయి.

దూలానికి కట్టిన చీర ఉయ్యాలను తలచుకోండి. కింది గుడ్డ బిగువుగా ఉండాలి, పైన ముడులు గట్టిగా ఉండాలి. గుడ్డ సాగితే భారమంతా ముడుల మీద పడుతుంది, కొన్నేళ్లకు ముడులూ వదులవుతాయి. మన ఒంట్లో గుడ్డ అంటే కటి అడుగున ఉండే కండరాలు, ముడులంటే గర్భసంచిని పట్టి ఉంచే నారలు. సాగిన నారలను ఏ ఆసనమూ తిరిగి బిగించలేదు. కండరాలకు మాత్రం పని నేర్పవచ్చు. యోగా వల్ల ఎంత మేలు, ఎక్కడితో ఆగుతుంది అన్నదానికి జవాబు ఇదే. గర్భసంచి పూర్తిగా పైకి ఎక్కిపోతుందని ఎవరైనా ఒట్టు పెట్టి చెబితే నమ్మకండి.

కండరాలు సడలడానికి మొదటి కారణం కాన్పులు, అందులోనూ గంటల తరబడి సాగిన కాన్పు, బరువైన బిడ్డ. ముట్లు ఆగాక కండరాల సత్తువ ఇంకా తగ్గుతుంది. ఆ పైన రోజూ జరిగేవి ఉన్నాయి. బాలింతగా ఉన్నప్పుడే నీళ్ల బిందె ఎత్తడం, కట్టెల పొగకు తెగని దగ్గు, మలబద్ధకం, ఊపిరి బిగబట్టి బరువు లేపడం. వీటన్నిటిలోనూ జరిగేది ఒక్కటే: పొట్టలో ఒత్తిడి పెరిగి కిందికి తోస్తుంది. కాన్పును వెనక్కి తిప్పలేం కానీ ఈ రోజువారీ తోపును తగ్గించుకోవచ్చు. శ్వాస నేర్చుకోవడం అందుకే.

ముందు పరీక్ష, తర్వాతే చాప

1989లో గడ్చిరోలి జిల్లాలో, అంటే తెలంగాణకు ఆనుకున్న మహారాష్ట్రలో, డాక్టర్ రాణీ బంగ్ బృందం రెండు పల్లెల్లో 650 మంది ఆడవాళ్లను పరీక్షించి ఆ ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సమస్య ఉంది. అంతకుముందు ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే. ఇన్నేళ్లలో ఆసుపత్రులు పెరిగాయి, ఫోన్లు వచ్చాయి. ఈ విషయంలో సిగ్గు మాత్రం అంతగా తగ్గినట్టు లేదు.

పరీక్షకు పది నిమిషాలు చాలు. పడుకోబెట్టి, దగ్గమని, ముక్కమని చెప్పి ఏ భాగం ఎంత కిందికి వస్తుందో చూస్తారు. నాలుగు దశలుగా లెక్కిస్తారు. మొదటి దశలో లోపలే ఉంటుంది, రెండో దశలో యోని ద్వారం దాకా వస్తుంది, మూడు నాలుగు దశల్లో బయటికి వచ్చి ఉంటుంది. గోరంట్ల, పెనుకొండ వాళ్లకు హిందూపురం ప్రభుత్వాసుపత్రి ఉంది, పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి జనరల్ హాస్పిటల్ ఉంది. ధర్మవరం వైపు వాళ్లకు బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి దగ్గర. ఏ ఆసుపత్రికి వెళ్లినా ఈ నాలుగు మాటలు అడక్కుండా కుర్చీలోంచి లేవకండి. ఎన్నో దశ? జారింది ముందువైపా, వెనకవైపా, గర్భసంచా? లోపల పెట్టే సిలికాన్ రింగుతో సరిపోతుందా? వ్యాయామం నేర్పేవాళ్లు ఇక్కడ ఉన్నారా?

ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి మూడు పైచిలుకు. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది. తెలంగాణ మనకు కాస్త వెనక. దేశంలో ముందు వరసలో ఉండాల్సిన లెక్క కాదిది. తెల్లబట్టకు తీసేశారు, నడుం నొప్పికి తీసేశారు, "పిల్లలు చాలు కదమ్మా, ఇంకెందుకు" అని తీసేశారు. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని ఆపే కేంద్ర మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. తీసేస్తే జారడం ఆగుతుందన్న భరోసా కూడా లేదు. పైభాగాన్ని సరిగా కట్టకపోతే కొన్నేళ్లకు యోని పైకప్పే జారవచ్చు. మూడో దశ దాటి రోజూ నరకం చూస్తున్నవాళ్లకు ఆపరేషన్ నిజంగా కావాలి, అందులో సందేహం లేదు. ఒకటి రెండు దశల్లో ఉన్నవాళ్లు మాత్రం మొదటే ఆ తలుపు తట్టక్కర్లేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి దారి చూపే నైస్ సంస్థ 2019 మార్గదర్శకాల్లో ఈ రెండు దశలకు మొదట చూడాల్సింది 16 వారాల కటి కండరాల శిక్షణ అని రాసింది, అదీ నేర్పేవాళ్ల పర్యవేక్షణలో.

శ్వాస, బిగింపు, ఆ తర్వాతే ఉడ్డియానం

యూట్యూబ్‌లో చూసి నేరుగా ఉడ్డియాన బంధంతో మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ. చూడ్డానికి అది బ్రహ్మాండంగా ఉంటుంది, పొట్ట వీపుకు అంటుకుపోతుంది. నేర్చుకునే వరుసలో దాని చోటు చివర.

మొదట చాప మీద వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు మడిచి పాదాలు నేలకు ఆనించి, పిరుదుల కింద మడత పెట్టిన దుప్పటి వేసుకోండి. ఆ ఎత్తుకు జారిన భాగం దానంతటదే వెనక్కి పోతుంది, కండరాలకు ఊరట దొరుకుతుంది. ఒక చెయ్యి పక్కటెముకల మీద, ఇంకో చెయ్యి బొడ్డు కింద పెట్టుకోండి. ముక్కుతో మెల్లగా పీల్చండి. పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి, పొట్ట మెత్తగా లేవాలి, భుజాలు మాత్రం కదలకూడదు. రొమ్ముకూ పొట్టకూ నడుమ ఉండే కండరం పీల్చినప్పుడు కిందికి దిగుతుంది, దాంతోపాటే కటి కండరాలు కొంచెం వదులవుతాయి. వదిలినప్పుడు రెండూ పైకి లేస్తాయి. ఈ కదలిక చేతికి తెలిసే దాకా ఇంకేమీ చేయకండి. ఒక వారం ఇదొక్కటే చేసినా నష్టం లేదు.

తర్వాత బిగింపు. ఊపిరి వదలడం మొదలుపెట్టి, నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ ఆపుకున్నట్టు మలద్వారాన్ని బిగించండి. ఆ బిగువును ముందుకు, యోని మీదుగా మూత్రద్వారం దాకా తెచ్చి, లోపలికి, పైకి లాగండి. మూడు నాలుగు సెకన్లు పట్టి ఉంచండి. ఊపిరి ఆడుతూనే ఉండాలి. ఆ తర్వాత పూర్తిగా వదిలేయండి. ఎంతసేపు బిగించారో ఆ తర్వాత అంతసేపు వదులుగా ఉంచడం కూడా వ్యాయామంలో భాగమే. ఎనిమిదిసార్లు, రోజుకు మూడు పూటలా. పోనుపోను పట్టి ఉంచే సేపును పది సెకన్ల దాకా పెంచుకోవచ్చు. యోగాలో మూల బంధం అనేది ఇంచుమించు ఇదే. 1948లో అమెరికాలో ఆర్నాల్డ్ కీగెల్ అనే స్త్రీల వైద్యుడు ఇదే బిగింపును కాన్పు తర్వాత సడలిన కండరాల కోసం రాశాడు, ఇప్పుడు ఆసుపత్రుల్లో ఆయన పేరుతోనే చెబుతారు.

ఎక్కువమంది తప్పేది ఈ బిగింపులోనే. 1991లో అమెరికాలో ఒక చిన్న పరిశీలన జరిగింది. 47 మంది ఆడవాళ్లకు నోటిమాటగా చెప్పి చేయమంటే సరిగా చేసినవాళ్లు దాదాపు సగం మందే. నాలుగో వంతు మంది చేసింది మేలు మాట అటుంచి, మూత్రం జారే సమస్యను పెంచే పద్ధతి: పైకి లాగాల్సింది పోయి కిందికి తోశారు. మీరెటు చేస్తున్నారో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. టవలును చుట్టగా చుట్టి గట్టి కుర్చీ మీద పొడుగ్గా పెట్టి, దాని మీద కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చోండి. బిగించినప్పుడు ఆ భాగం టవలు నుంచి కొంచెం దూరమైనట్టు అనిపిస్తే సరి. టవలును ఇంకా గట్టిగా ఒత్తినట్టు ఉంటే మీరు ముక్కుతున్నారన్నమాట. పిరుదులు, తొడలు గట్టిపడుతుంటే కూడా పని పక్కదారి పట్టినట్టే. సందేహం ఉంటే అద్దం పెట్టుకుని చూసుకోండి. మన ఒళ్లు మనం చూసుకోవడంలో తప్పేముంది? మూత్రం పోస్తూ మధ్యలో ఆపి పరీక్షించుకునే అలవాటు మాత్రం వద్దు, మూత్రాశయానికి మంచిది కాదు.

ఈ రెండూ నాలుగైదు వారాలు నిలకడగా చేశాక ఉడ్డియానం. పరగడుపున చేయాలి. పడుకుని మోకాళ్లు మడిచే మొదలుపెట్టండి, నిలబడి చేసేది తర్వాత చూద్దాం. ఊపిరి మొత్తం నోటితో వదిలేయండి. గొంతు మూసి, మళ్లీ పీల్చకుండా, పీల్చుతున్నట్టు పక్కటెముకలను మాత్రం విప్పండి. గాలి లోపలికి రాదు కాబట్టి పొట్ట దానంతటదే లోపలికి, పైకి పోతుంది. మూడు నాలుగు సెకన్లు చాలు. ముందు పక్కటెముకలను నెమ్మదిగా వదిలి, ఆ తర్వాతే గాలి పీల్చండి. కింద ఏదో పైకి లాగినట్టు అనిపిస్తే మీకు దొరికినట్టే. మూడుసార్లు చేసి ఆపండి.

ఇందులో పొట్ట కండరాలకు పని ఉండకూడదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. పొట్టను పళ్లబిగువున లోపలికి లాక్కుంటే లోపలి ఒత్తిడి తగ్గడానికి బదులు పెరుగుతుంది, అది జారిన భాగాన్ని ఇంకా కిందికి నెడుతుంది. తల తిరిగినా, గుండె దడదడలాడినా, చేసిన తర్వాత కింద బరువు ఎక్కువైనా ఆపేయండి. గర్భిణులు, ఆరు వారాలు నిండని బాలింతలు, బీపీ, గుండె జబ్బు, హెర్నియా, కడుపులో పుండు, కంటిలో గ్లకోమా ఉన్నవాళ్లు ఉడ్డియానం జోలికి పోవద్దు. ముట్టు రోజుల్లో కూడా మానేయండి. మొదటి రెండు మెట్లు చాలు వాళ్లకు. బాలింతలు బిగింపును డాక్టరును అడిగి కాన్పయిన కొద్దిరోజులకే మొదలుపెట్టవచ్చు.

హఠయోగ ప్రదీపికలో ఈ బంధాలు వివరంగా ఉన్నాయి. పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు రాసినప్పుడు ఆయన మనసులో ఉన్నది చావును జయించే సాధకుడు. నలుగురిని కని, ఆకు మోపు మోసే ఆడమనిషి కోసం ఆ పుస్తకం రాయలేదు. ఆ పని తర్వాతివాళ్లు చేశారు. 1980ల్లో బెల్జియంలో మార్సెల్ కాఫ్రియే అనే ఫిజియోథెరపిస్టు ఉడ్డియానాన్ని పోలిన పద్ధతినే బాలింతల కోసం తీర్చిదిద్దాడు. యూరప్‌లో దానికి మంచి గిరాకీ ఉంది. ఏది ఎంత పనిచేస్తుందన్నది తూకం వేసి చూస్తే, గట్టి రుజువు ఉన్నది బిగింపుకే. బ్రిటన్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో 447 మందిని పరీక్షించి 2014లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనంలో, ఒక్కొక్కరికీ విడిగా కటి కండరాల శిక్షణ ఇస్తే ఏడాదికి బాధలు తగ్గాయని తేలింది. ఉడ్డియానం లాంటి పొట్ట పద్ధతిని దానితో పోల్చిన బ్రెజిల్ పరిశీలనలో బిగింపుదే పైచేయి. కాబట్టి ఉడ్డియానాన్ని తోడుగా పెట్టుకోండి. రోజుకు ఒక్కదానికే తీరిక ఉంటే బిగింపునే ఎంచుకోండి.

సచివాలయం దగ్గర నేర్చుకున్న యోగాలో ఏది వదలాలి

2025 మే 21 నుంచి జూన్ 21 దాకా జరిగిన రాష్ట్ర ప్రభుత్వ యోగాంధ్ర కార్యక్రమం పుణ్యమా అని మన పల్లెల్లో కూడా చాలామంది సచివాలయాల దగ్గర చాప పరిచారు. అక్కడ నేర్పిన ఉమ్మడి యోగా క్రమం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు బాగానే ఉంటుంది. కింద జారినవాళ్లు అందులో కొన్నిటిని మర్యాదగా దాటేయాలి. కపాలభాతిలో పొట్టను టకటకా కొడతారు, ప్రతి దెబ్బకూ ఒత్తిడి కిందికే పోతుంది. రెండు కాళ్లూ ఒకేసారి లేపే ఉత్తానపాదాసనం, అర్ధహలాసనం కూడా అంతే. సేతుబంధాసనం మాత్రం వీళ్ల కోసమే పెట్టినట్టు ఉంటుంది. ఊపిరి వదులుతూ, బిగిస్తూ నడుము లేపండి. అనులోమ విలోమం, భ్రామరి, శవాసనం నిశ్చింతగా చేసుకోవచ్చు. గొంతుకు కూర్చునే మలాసనంలో నిమిషాల కొద్దీ ఉండడం వద్దు. నేర్పే అమ్మాయికి "నాకు కింద జారిందమ్మా" అని చెవిలో ఒక మాట వేస్తే సరిపోతుంది. చెప్పలేకపోతే ఆ ఆసనం వచ్చినప్పుడు మోకాలు నొప్పి అని పడుకోండి. ఈ అబద్ధానికి పాపం అంటదు.

చాప మీద నేర్చింది పనిలోకి రావాలి

పొద్దున పావుగంట చక్కగా శ్వాస సాధన చేసి, ఎనిమిది గంటలకు ఊపిరి బిగబట్టి నలభై కిలోల మూట లేపితే చేసిందంతా గంగపాలు. సాధన అసలు ఉద్దేశం ఈ ఒక్క అలవాటు మార్చడమే. ఎత్తే ముందు పీల్చాలి, బిగించాలి, ఊపిరి వదులుతూ ఎత్తాలి. దగ్గు వస్తోందని తెలియగానే, తుమ్ముకు ముందు కూడా బిగించాలి. కొన్నాళ్లకు దానంతటదే వస్తుంది.

పట్టుపురుగు పెంచే ఇళ్ల సంగతి చూద్దాం. నాలుగో జ్వరం, అంటే పొర విడిచే నిద్ర, లేచాక పురుగు తినే తిండికి అంతుండదు. అది పుట్టినప్పటి నుంచి గూడు కట్టే దాకా తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఆ చివరి వారంలోనే తింటుంది. తోటలో కొమ్మలు కోయడం, మోపు కట్టడం, షెడ్డుకు చేర్చడం, తట్టల నిండా పరచడం, పగలూ రాత్రీ ఇదే పని. షెడ్డుకు ఆకు తేవడానికి మగవాళ్లకు టీవీఎస్ బండి ఉంటుంది, ఆడవాళ్లకు తల ఉంటుంది. ఆ వారం కోసం ముందే ఏర్పాటు చేసుకోండి. ఒక పెద్ద మోపుకు బదులు రెండు చిన్నవి కట్టండి, ఒక నడక ఎక్కువైనా సరే. నేల మీది నుంచి తల మీదికి ఒకే ఊపున లేపకండి. మొదట మోపును గట్టు మీదికో బండి మీదికో చేర్చండి. అక్కడ దానికి దగ్గరగా నిలబడి, ఒక కాలు ముందుకు వేసి, మోకాళ్లు వంచండి. పీల్చి, బిగించి, నోటితో "ఫూ" అని వదులుతూ ఇంకొకరి చేయి సాయంతో తల మీదికి తీసుకోండి. దించేటప్పుడు కూడా ఎవరినైనా పట్టుకోమనండి. ఎత్తడంలో జాగ్రత్త పడ్డవాళ్లు కూడా దించేటప్పుడు దబ్బున పడేస్తారు, అప్పుడూ ఒత్తిడి కిందికే. తర్వాతి పంట నాటికైనా బండి నడపడం నేర్చుకోవడం అన్ని ఆసనాలకన్నా మేలు.

గార్మెంట్స్‌లో ఇంకో రకం ఇబ్బంది. మిషను మీద కూర్చునేవాళ్లకు పెడలు తొక్కడం, చెకింగ్, ఇస్త్రీ దగ్గర ఉన్నవాళ్లకు గంటల తరబడి నిలబడడం. టార్గెట్ తప్పుతుందని, బాత్‌రూముకు పోతే మాట పడాల్సి వస్తుందని నీళ్లు తాగరు. నీళ్లు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో మంట, మలబద్ధకానికి ముక్కడం, ముక్కితే ఇంకా జారడం. కాబట్టి మొదటి మందు నీళ్ల బాటిలే. కూర్చున్నవాళ్లు మిషను ఆగిన ప్రతిసారీ ఒక బిగింపు వేసుకోవచ్చు, పక్కామెకు కూడా తెలియదు. నిలబడేవాళ్లు కాళ్ల దగ్గర చిన్న చెక్కపెట్టె పెట్టుకుని ఒక్కో కాలు మార్చి మార్చి దాని మీద ఉంచితే నడుముకు కాస్త ఊరట. తిండి విరామంలో ఐదు నిమిషాలు పడుకుని కాళ్లు కుర్చీ మీద పెట్టుకోవడానికి చోటు దొరికితే మధ్యాహ్నం తర్వాతి బరువు చాలావరకు తగ్గుతుంది.

సూపర్‌వైజరుకు జబ్బు పేరు చెప్పాల్సిన పని లేదు. డాక్టరు చేత రెండు వాక్యాలు రాయించుకోండి: ఇన్ని కిలోలు మించి ఎత్తరాదు, మధ్య మధ్యలో కూర్చోవాలి. ఆ చీటీ ఇచ్చి, "డాక్టరు రాసిచ్చినారు సార్, బండిల్స్ మోసే పని వద్దు, కూర్చునే లైనుకు మార్చండి" అంటే చాలు. అడగడానికి చట్టం అండ కూడా ఉంది. దెబ్బ తగిలేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లోనే ఉండేది. నిలబడి పనిచేసేవాళ్లకు వీలైనప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 44వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చాయి, చట్టం పేరు మారింది, అడగాల్సింది మారలేదు. జీతంలో ఈఎస్ఐ కోత ఉన్నవాళ్లు వైద్యానికి సొంత డబ్బు పెట్టకముందు ఆ కార్డు వాడండి. డాక్టరు విశ్రాంతి రాస్తే, చందా రోజులు సరిపోయినవాళ్లకు ఏడాదిలో 91 రోజుల దాకా కూలిలో 70 శాతం ఈఎస్ఐ ఇస్తుంది. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు కూడా కాన్పుకు తప్ప వాడుకోరు.

ధర్మవరం మగ్గాల వాళ్లకు బరువెత్తే పని తక్కువ, వంగి కూర్చోవడం ఎక్కువ. పొట్ట మడతపడి కూర్చుంటే శ్వాస పైపైనే ఆడుతుంది. పీట ఎత్తు కొంచెం పెంచి, గంటకోసారి గుంతలోంచి లేచి నాలుగు అడుగులు వేయండి. కండెలు చుట్టేవాళ్లు గోడకు వీపు ఆనించుకుంటే మేలు. కరువు పనిలో తట్టను సగమే నింపమని నింపే ఆమెకు ముందే చెప్పి ఉంచండి. అక్కడ ఎటూ అందరూ తెలిసినవాళ్లే.

ఇంట్లో బరువులు లెక్కలోకి రావని అనుకుంటాం. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఇరవై కిలోలు. నిండు గ్యాస్ బండలో గ్యాస్ ఒక్కటే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్పై దగ్గరికి వస్తుంది. క్యాను నుంచి నీళ్లు చెంబుతో వంపుకోండి. బండను దొర్లించమని కొడుకుతో చెప్పండి, భర్తతో చెప్పండి. చంకలో మనవడిని వేసుకుని నిలబడి ఊరంతా మాట్లాడే అవ్వలు ఆ మాటలేవో కూర్చుని మాట్లాడితే మంచిది.

వారానికి, పక్షానికి ఫలితం కనబడదు. మొదట తెలిసేది సాయంత్రం బరువు ఇంకొంచెం ఆలస్యంగా మొదలవడం, ఆ తర్వాత దగ్గినప్పుడు మూత్రం చుక్క జారకపోవడం. నాలుగు నెలలు చేసి అదే డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లి చూపించుకోండి. దశ మారకపోయినా పని చేసుకోగలిగితే కొనసాగించండి. మార్పేమీ లేకపోతే సిలికాన్ రింగు గురించి అడగండి. లోపల పెడితే జారినదాన్ని పట్టి ఉంచుతుంది, తీసి కడిగి మళ్లీ పెట్టుకోవడం మీకే నేర్పుతారు, పనికి పోవడానికి ఆటంకం లేదు. మధ్యలో మూత్రం అసలు రాకపోయినా, బయటికి వచ్చిన భాగం పుండై రక్తం కారినా, లోపలికి పోకుండా నొప్పి పెట్టినా నాలుగు నెలలు ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ముట్లు ఆగిన తర్వాత రక్తం కనిపిస్తే అది జారడానికి సంబంధించింది కాకపోవచ్చు, వెంటనే చూపించుకోండి. చివరికి ఆపరేషనే చేయించుకోవాల్సి వచ్చినా, గర్భసంచి ఇప్పటికే తీయించుకున్నా, ఈ బిగింపు, ఈ ఎత్తే పద్ధతి మానకండి. కుట్లు మానాక డాక్టరును ఎప్పటి నుంచి మొదలుపెట్టవచ్చో అడిగి, మళ్లీ చాప మీద వెల్లకిలా పడుకుని మొదటి వారం శ్వాసతోనే మొదలుపెట్టండి.